సభ్యుడు కాలం చేస్తే సంఘం చేయవలసిన పనులు

కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు పాఠం

పాల సంఘం కార్యదర్శికి వెన్న శాతం తీయడం నేర్పుతారు. లాక్టోమీటరు చూడడం, నగదు పుస్తకం వ్రాయడం, బిల్లు కట్టడం నేర్పుతారు. కాని సభ్యుడు కాలం చేస్తే అతని పేర ఉన్న డబ్బు ఎవరికి ఇవ్వాలి, ఏ కాగితం చూసి ఇవ్వాలి అన్న సంగతి చెప్పేవారు తక్కువ. అందువల్ల ఈ విషయంలో రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నట్లు మా తనిఖీలలో కనిపిస్తున్నది.

మొదటిది అతి జాగ్రత్త. భర్త పోయిన ఇల్లాలు పాల బిల్లు అడగడానికి వస్తే, "కోర్టు కాగితం తెచ్చుకో అమ్మా, అప్పుడు చూద్దాం" అని పంపివేస్తారు. ఆమెకు రావలసినది నాలుగైదు వేలు. కోర్టు పనికి తిరగడానికే అంత ఖర్చవుతుందని ఆమె మానుకొంటుంది. ఆ సొమ్ము ఏళ్ల తరబడి "చెల్లించవలసిన బాకీలు" అన్న పద్దు క్రింద సంఘం పుస్తకాలలో మిగిలిపోతుంది.

రెండవది అతి చనువు. "పెద్ద కొడుకు వచ్చాడు గదా, తెలిసిన కుర్రవాడే" అని మొత్తం ఇచ్చి ఒక సంతకం తీసుకొంటారు. ఆరు నెలల తరువాత అత్తవారింటి నుండి కూతురు వచ్చి, "మా అమ్మకేది, నాకేది?" అని అడుగుతుంది. అప్పుడు కార్యదర్శి చూపించడానికి ఆ ఒక్క సంతకమే ఉంటుంది.

ఈ రెండింటికీ నడుమ సరైన దారి ఒకటి ఉన్నది. ప్రతి డబ్బుకూ కోర్టు కాగితం అవసరం లేదు. అసలు కాగితమే లేకుండా ఏ డబ్బూ ఇవ్వకూడదు. ఏ సందర్భానికి ఏ కాగితం చాలునో తెలిసికొనడమే ఈ పాఠం.

1. మరునాటి పాలు ఎవరివి?

మనిషి పోయినా గేదె పాలు ఇవ్వడం మానదు. మరునాడు తెల్లవారేసరికి ఇంట్లో ఎవరో ఒకరు పాలు పితికి కేంద్రానికి తెస్తారు. చాలా సంఘాలలో వాటిని పాత సభ్యుని నంబరు మీదనే వ్రాసుకొంటూ పోతారు. చిక్కుకు ఇదే మొదలు.

చనిపోయిన రోజు వరకు పోసిన పాల డబ్బు ఆ సభ్యుని ఆస్తి. అది అతని వారసులందరికీ చెందుతుంది. ఆ తరువాత పోసిన పాలు గేదెను మేపుతూ, పితికి తెచ్చినవారి చేతి మీదుగా వచ్చినవి. ఈ రెండూ ఒకే పేజీలో కలిసిపోతే తరువాత విడదీయడం కష్టం. పైగా వారసుల సంగతి తేలేవరకు మొత్తం బిల్లు ఆపితే దాణాకు, మేతకు డబ్బు ఉండదు. నెల తిరిగేసరికి పాలు తగ్గిపోతాయి. గేదెను అమ్ముకొనవలసి వస్తుంది.

కాబట్టి మరణవార్త తెలిసిన రోజుననే సభ్యుని ఖాతాను ఆఖరు పూట పాలతో ముగించి, క్రింద గీత గీసి, తేదీ వేసి సంతకం చేయవలెను. ఆ తరువాతి పాలను మరొక పేజీలో, పోస్తున్న వారి పేరుతో, ఉపనిబంధనలలో సభ్యులు కానివారి పాలకు ఉన్న పద్ధతి ప్రకారం వ్రాసుకొనవలెను. ఆ బిల్లు వారికి ఎప్పటివలెనే చెల్లించవలెను. గేదె ఎవరి వాటాకు వస్తుందన్నది కుటుంబం తేల్చుకొనే విషయం. అది తేలేవరకు పోసిన పాలకు డబ్బు ఆపడం సంఘం పని కాదు.

2. మరణ ధ్రువపత్రం

అన్ని కాగితాలకూ మూలం ఇదే. ఇది లేనిదే బ్యాంకు గాని, బీమా కంపెనీ గాని, తహసీల్దారు గాని, కోర్టు గాని ముందుకు కదలదు.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజులలోగా నమోదు చేయించవలెను. ఇంటిలో జరిగిన మరణాన్ని గ్రామ పంచాయతీలో కుటుంబ సభ్యులు తెలియజేయాలి. ఆసుపత్రిలో జరిగితే ఆసుపత్రివారే తెలియజేస్తారు. 21 రోజులు దాటి 30 రోజుల లోపయితే ఆలస్య రుసుముతో నమోదవుతుంది. 30 రోజులు దాటి సంవత్సరంలోపయితే పై అధికారి వ్రాతపూర్వక అనుమతి కావాలి. సంవత్సరం దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తరువాత ఈ ఉత్తర్వును జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఇస్తారు.

పెద్దకర్మ పూర్తయ్యేవరకు కాగితాల ఊసు ఎత్తడం మన పల్లెలలో మర్యాద కాదు. అది నిజమే. కాని 21 రోజుల గడువు పెద్దకర్మ అయిన కొద్ది రోజులకే ముగుస్తుంది. కార్యదర్శి పరామర్శకు వెళ్ళినప్పుడు ఇంటిపెద్ద చెవిన ఈ ఒక్క మాట వేసి రావడం మంచిది. మరణ ధ్రువపత్రంలోని పేరు, సభ్యుల రిజిస్టరులోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకటిగా ఉన్నవో లేవో అప్పుడే చూడవలెను. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉండడం వల్ల ఆగిపోయిన దరఖాస్తులు మేము చాలా చూశాము.

3. లెక్క తేల్చడం

తరువాతి పని, సభ్యునికి సంఘం ఎంత బాకీయో, సంఘానికి సభ్యుడు ఎంత బాకీయో ఒక కాగితం మీద వ్రాయడం. ఉదాహరణకు ఒక సభ్యుని లెక్క ఇట్లా ఉన్నదనుకొందాము.

వాటాధనం: రూ. 500
ఆఖరు పక్షం పాల బిల్లు: రూ. 7,350
చనిపోయిన రోజు వరకు పోసిన పాలపై బోనస్: రూ. 2,150
మొత్తం: రూ. 10,000
తగ్గించవలసినది, దాణా బాకీ: రూ. 1,500
మిగులు: రూ. 8,500

ఇందులో బోనస్ సంగతి తరచుగా మరచిపోతారు. సభ్యుడు వేసవిలో పోయి, సంఘం బోనస్‌ను తరువాత ప్రకటించినా, అతడు పోసిన పాలకు వచ్చిన బోనస్ అతని వారసులదే. సభ్యుడు లేడు గదా అని దానిని మిగతావారికి పంచకూడదు. వాటాధనాన్ని నగదుగా తిరిగి ఇవ్వాలా, కొత్తగా చేరే వారసుని పేరుకు మార్చాలా అన్నది ఉపనిబంధనలను బట్టి ఉంటుంది. సంఘం 1964 నాటి సహకార సంఘాల చట్టం క్రిందిదైనా, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం క్రిందిదైనా, ముందు ఉపనిబంధనల పుస్తకం తెరిచి ఆ పేజీ చదవవలెను. సంఘం బీరువాలో ఆ పుస్తకమే లేకపోతే ఈ వారమే తెప్పించుకొనవలసినదిగా మనవి.

4. నామినీ ఉన్నప్పుడు

సభ్యత్వ దరఖాస్తులో గాని, నామినేషన్ రిజిస్టరులో గాని సభ్యుడు ఎవరి పేరైనా వ్రాసి ఉంటే పని సులువు. మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు పత్రం తీసుకొని, పాలకవర్గంలో తీర్మానం చేసి, డబ్బు నామినీకి ఇచ్చి రశీదు తీసుకొనవలెను. అంతటితో సంఘం బాధ్యత తీరుతుంది. చెల్లింపు జరగకముందే కోర్టు నుండి నిలుపుదల ఉత్తర్వు వస్తే మాత్రం ఆగవలెను.

అయితే ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటి ఉన్నది. నామినీ అంటే డబ్బు అందుకొనే మనిషి. ఆ డబ్బుకు యజమాని కానవసరం లేదు. 1984లో శర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు జీవిత బీమా సొమ్ము గురించి ఈ మాటే చెప్పింది. నామినీ చేతికి వచ్చినా ఆ సొమ్ము వారసులందరిదీ అన్నది. బీమా విషయంలో 2015లో చట్టం మారి, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలుగా ఉంటే వారికే హక్కు ఉండేటట్లు సవరించారు. కాని కంపెనీ షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ పాత సూత్రాన్నే నిలబెట్టింది. సహకార సంఘాల సంగతి 2016లో ఇంద్రాణి వాహి కేసులో వచ్చింది. అది పశ్చిమ బెంగాల్ చట్టం మీద వచ్చిన కేసు. సంఘం నామినీ పేరుకే వాటా మార్చాలి, మిగతా వారసులకు హక్కు ఉంటే వారు కోర్టులో తేల్చుకొనవచ్చు అని తీర్పు.

దీని సారాంశం ఇది. సంఘం నామినీకి ఇస్తే సంఘానికి చిక్కు లేదు. నామినీ ఆ డబ్బును తక్కిన వారసులకు లెక్క చెప్పవలెను. ఈ మాటను డబ్బు ఇచ్చేటప్పుడే నామినీకి, వీలయితే కుటుంబం అందరి ఎదుట, చెప్పడం మంచిది. చాలా తగాదాలు ఆ ఒక్క మాటతో ఆగిపోతాయి.

5. నామినీ లేనప్పుడు వారసులు ఎవరు?

హిందువులలో పురుషుడు వీలునామా లేకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి మొదటి తరగతి వారసులు. అందరికీ సమాన వాటాలు. తండ్రి ఈ తరగతిలో లేడు. కొడుకు గాని, కూతురు గాని ముందే పోయి ఉంటే వారి వాటా వారి కుటుంబానికి వస్తుంది. పైన చెప్పిన రూ. 8,500 లెక్కలో సభ్యునికి భార్య, తల్లి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారనుకొందాము. వాటాలు 5. ఒక్కొక్కరికి రూ. 1,700. "కూతుళ్ళకు పెళ్ళిలో ఇచ్చేశాము" అన్న మాట ఇక్కడ చెల్లదు. పెళ్ళయిన కూతురు కూడా వారసురాలే. ఆమె తన ఇష్టంతో వదులుకొంటే అది వేరు. అది ఆమె సంతకంతో కాగితం మీద ఉండవలెను.

పోయినది మహిళా సభ్యురాలు అయితే క్రమం వేరు. ఆమె పిల్లలు, భర్త ముందు వారసులు, వారికి సమాన వాటాలు. వారెవరూ లేకపోతే భర్త తరపు వారసులు, ఆ తరువాత ఆమె తల్లిదండ్రులు వస్తారు. పిల్లలు లేనప్పుడు పుట్టింటి నుండి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం ఆమె తండ్రి వారసులకు పోతుంది.

ముస్లిం సభ్యులకు వారి ధర్మశాస్త్రం వర్తిస్తుంది. పిల్లలు ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, కొడుకు వాటా కూతురి వాటాకు రెట్టింపు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం పిల్లలు ఉంటే భార్యకు మూడో వంతు, పిల్లలకు మూడింట రెండు వంతులు. వాటాలు పంచడం కార్యదర్శి పని కాదు. కాని ఎవరెవరి సంతకాలు కావాలో తెలియడానికి ఈ మాత్రం తెలిసి ఉండవలెను.

6. మూడు కాగితాలు, మూడు పనులు

మన ఊళ్ళలో ఈ మూడింటినీ కలిపి "వారసుల సర్టిఫికెట్" అంటారు. కాని అవి వేరు వేరు.

ఒకటి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. దీనిని తహసీల్దారు ఇస్తారు. మీసేవ ద్వారా దరఖాస్తు చేసుకొనవచ్చు. గ్రామంలో విచారణ జరిపి, పోయిన వ్యక్తి కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో ఇందులో వ్రాస్తారు. ఇది ఎవరికీ ఆస్తి హక్కు ఇవ్వదు. కాని వారసులు ఎవరన్నది తెలిసికొనడానికి సంఘానికి చాలా ఉపయోగపడుతుంది.

రెండు, వారసత్వ సర్టిఫికెట్. కోర్టువారు సక్సెషన్ సర్టిఫికెట్ అంటారు. ఇది సివిల్ కోర్టు ఇచ్చేది. పోయినవారికి ఇతరులు ఇవ్వవలసిన బాకీలు, డిపాజిట్లు, షేర్లు వంటివాటికి మాత్రమే వర్తిస్తుంది. భూమికి, ఇంటికి ఇది పనికిరాదు. భూమి మార్పిడికి తహసీల్దారు కార్యాలయంలో వేరే దరఖాస్తు పెట్టుకొనవలెను. ఈ సర్టిఫికెట్ చూసి నమ్మకంతో డబ్బు ఇచ్చిన సంఘానికి చట్టం పూర్తి రక్షణ ఇస్తుంది. దీని విలువ అదే.

మూడు, ప్రొబేటు. ఇది వీలునామా ఉన్నప్పుడు మాత్రమే వచ్చే మాట. "ఇది ఫలానావారి ఆఖరు వీలునామాయే, నిజమైనదే" అని కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు ప్రొబేటు. వీలునామాలో దానిని అమలు చేయడానికి ఎవరినైనా నియమించి ఉంటే వారికి మాత్రమే ప్రొబేటు ఇస్తారు. అట్లా నియమించకపోతే కోర్టు వీలునామా జతపరచి ఆస్తి నిర్వహణ పత్రం ఇస్తుంది. ప్రొబేటు లేనిదే వీలునామా చెల్లదన్న నిబంధన హిందువుల విషయంలో ఒకప్పుడు మద్రాసు, బొంబాయి నగరాలను, బెంగాల్ ప్రాంతాన్ని పట్టి ఉండేది. మన పల్లెలకు అది వర్తించలేదు. అందువల్ల మన సంఘం దగ్గరకు ఎవరైనా వీలునామా తెస్తే, ప్రొబేటు లేదన్న ఒక్క కారణంతో త్రోసివేయకూడదు. తక్కిన వారసులు ఒప్పుకొంటే ఆ ఒప్పుదల వ్రాయించుకొని, ఉపనిబంధనలు అనుమతించినంతవరకు దాని ప్రకారం ఇవ్వవచ్చు. ఒప్పుకొనకపోతే వీలునామా నిజమా కాదా అని తేల్చవలసినది కోర్టు. పాలకవర్గం కాదు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. వ్రాసినవారి సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరవలెను.

7. చిన్న మొత్తాలకు సంఘం అనుసరించదగిన పద్ధతి

నామినీ లేకపోయినా, మొత్తం చిన్నదై, కుటుంబంలో తగాదా లేనప్పుడు, ఉపనిబంధనలు అనుమతించిన పరిమితిలో ఈ క్రమం అనుసరించవచ్చు.

(అ) మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం నకళ్ళు తీసుకొని అసలు పత్రాలతో సరిచూడాలి.

(ఆ) వారసులందరూ కలిసి ఒక దరఖాస్తు వ్రాయాలి. ఒకరికే ఇవ్వాలంటే మిగతావారు "మాకు అభ్యంతరం లేదు" అని సంతకం చేయాలి. దూరంగా ఉన్న కూతురి సంతకం కూడా తెప్పించాలి. వేలిముద్ర వేసేవారికి దరఖాస్తు చదివి వినిపించినట్లు సాక్షి సంతకం ఉండాలి.

(ఇ) పాల కేంద్రం నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించాలి. ఫలానా సభ్యుని డబ్బు ఫలానావారికి ఇవ్వబోతున్నామని, అభ్యంతరం ఉంటే ఇన్ని రోజులలో తెలపాలని వ్రాయాలి. రోజూ రెండు పూటలా ఊరంతా వచ్చే చోటు మన కేంద్రమే. ఇంతకన్న మంచి ప్రకటన లేదు.

(ఈ) డబ్బు తీసుకొనేవారి నుండి హామీ పత్రం, ఇద్దరు జామీనుదార్ల సంతకాలతో తీసుకోవాలి. తరువాత మరొకరు హక్కుతో వస్తే తిరిగి కడతామన్నది ఆ పత్రం సారాంశం.

(ఉ) పాలకవర్గ సమావేశంలో తీర్మానం చేసి, మినిట్సు పుస్తకంలో వారసులందరి పేర్లు, మొత్తం, తేదీ వ్రాసి, వీలైనంతవరకు బ్యాంకు ద్వారా చెల్లించాలి.

(ఊ) మైనరు పిల్లల వాటాను వారి పేర బ్యాంకులో డిపాజిట్ చేయించడం క్షేమం.

మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఈ అయిదారు కాగితాలను ఒక దారంతో కుట్టి, సభ్యుని నంబరు వేసి దాచి ఉంచారు. నాలుగేళ్ళ తరువాత ఒక దూరపు బంధువు వచ్చి తానూ వారసుడనన్నాడు. కార్యదర్శి ఆ కట్ట విప్పి చూపించాడు. కుటుంబ పత్రంలో అతని పేరు లేదు, నోటీసుకు అభ్యంతరం రాలేదు, తీర్మానం ఉన్నది. అతడు మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు. కార్యదర్శి నోటి మాటను అతడు నమ్మి ఉండేవాడు కాడు. కాగితాల ముందు ఏమీ అనలేకపోయాడు.

8. కోర్టుకు పోక తప్పనప్పుడు

మొత్తం పెద్దదైనా, వారసులలో ఒకరు సంతకం చేయనన్నా, ఇద్దరు స్త్రీలు "నేనే భార్యను" అన్నా, వీలునామా మీద అనుమానం ఉన్నా పాలకవర్గం తీర్పరి కాకూడదు. డబ్బును విడిగా జమచేసి ఉంచి, వారసత్వ సర్టిఫికెట్ తెమ్మని వ్రాతపూర్వకంగా చెప్పవలెను.

ఆ పని ఇట్లా సాగుతుంది. పోయిన వ్యక్తి సాధారణంగా నివసించిన ప్రాంతపు జిల్లా కోర్టులో గాని, ప్రభుత్వం ఆ అధికారం ఇచ్చిన క్రింది సివిల్ కోర్టులో గాని దరఖాస్తు వేయాలి. అందులో మరణించిన తేదీ, నివాసం, కుటుంబ సభ్యుల, దగ్గరి బంధువుల పేర్లు, చిరునామాలు, దరఖాస్తుదారుకు ఏ హక్కు ఉన్నదీ, ఏ ఏ బాకీలకు సర్టిఫికెట్ కావాలన్నదీ వ్రాయాలి. కోర్టు ఒక తేదీ వేసి మిగతావారికి నోటీసులు పంపుతుంది. సాధారణంగా పత్రికా ప్రకటన కూడా ఇప్పిస్తుంది. అభ్యంతరాలు విని, ఎవరికి ఎక్కువ హక్కు ఉన్నట్లు కనిపిస్తే వారికి సర్టిఫికెట్ ఇస్తుంది. మొత్తాన్ని బట్టి కోర్టు రుసుము ఉంటుంది. కొన్ని సందర్భాలలో జామీను కూడా అడుగుతుంది.

ఇక్కడ కార్యదర్శి చేయగల మేలు ఒకటి ఉన్నది. దరఖాస్తులో బాకీల పట్టిక సరిగా ఉండాలి. ఏదైనా పద్దు విడిచిపెడితే దానికోసం మళ్ళీ కోర్టుకు పోవలసి వస్తుంది. కాబట్టి వాటాధనం, పాల బిల్లు, బోనస్ అన్నీ చూపిస్తూ సంఘం లెటర్‌హెడ్ మీద ఒక లెక్క వ్రాసి ఇవ్వవలెను. బ్యాంకు డిపాజిట్లు, ఇతర బాకీలు కూడా అదే దరఖాస్తులో చేర్చుకొమ్మని చెప్పవలెను.

ఖర్చుకు వెనుకాడే కుటుంబాలకు మరొక దారి చెప్పవలెను. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీ కార్యాలయంలో దరఖాస్తు ఇస్తే వకీలును ఏర్పాటు చేస్తారు. అన్నదమ్ముల మధ్య రాజీకి అవకాశం ఉంటే లోక్ అదాలత్‌కు పోవచ్చు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు.

9. అప్పుల సంగతి

గేదె కొనడానికి తీసుకొన్న అప్పు మిగిలి ఉంటే వారసులు భయపడతారు. అప్పు వారసుని నెత్తిమీద పడేది కాదు. పోయినవారి ఆస్తి ఎంత చేతికి వచ్చిందో అంతవరకే బాధ్యత. కాని హామీ సంతకం చేసినవారి బాధ్యత వేరు. అది అలాగే ఉంటుంది. అప్పుతో పాటు బీమా ఏదైనా ఉన్నదేమో ముందు చూడవలెను. పశువు బీమా పోయిన సభ్యుని పేర ఉంటే వెంటనే కంపెనీకి తెలిపి, పశువును ఉంచుకొన్నవారి పేరుకు మార్పించుకొనవలెను. లేనిచో రేపు గేదెకు ఏదైనా జరిగితే చిక్కు వస్తుంది.

పోయినవారి బ్యాంకు ఖాతా నుండి ఏ.టి.ఎం. కార్డుతో డబ్బు తీయడం కొన్ని ఇళ్ళలో జరుగుతుంది. అది తగదు. తరువాత మిగతా వారసుల ముందు తలదించుకొనవలసి వస్తుంది. బ్యాంకుకు మరణవార్త తెలిపి నామినీ ద్వారా తీసుకొనడమే మర్యాద. 2025 నవంబరు 1 నుండి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకొనే వీలు కలిగింది.

10. సభ్యత్వం వారసత్వంగా రాదు

వాటాధనం వారసులకు వస్తుంది. సభ్యత్వం దానంతట అది రాదు. వారసులలో పాడి ఉంచుకొన్నవారు కొత్తగా దరఖాస్తు పెట్టుకొని, పాలకవర్గం ఒప్పుకొన్న తరువాతనే సభ్యులవుతారు. ఇది ఆలస్యమైతే ఓటు ఉండదు, సభ్యులకు ఇచ్చే సదుపాయాలు అందవు.

చాలా ఇళ్ళలో సభ్యత్వం భర్త పేర ఉంటుంది. మేత కోసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది భార్య. భర్త పోయిన రోజున ఆమె సంఘానికి ఎవరూ కాదు. ముప్పై ఏళ్ళు పాలు పోసిన మనిషి కేంద్రం గడప వద్ద పరాయిదానిలా నిలబడుతుంది. ఆమె దరఖాస్తును మొదటి సమావేశంలోనే పెట్టి చేర్చుకొనడం పాలకవర్గం కనీస ధర్మం. అంతకన్న ముందే, ఆయన ఉండగానే, పాడి చూసే ఇల్లాలిని ఉపనిబంధనల ప్రకారం సభ్యురాలిగా చేర్చుకొనడం ఇంకా మంచిది.

11. ఈ నెలలో చేయవలసిన పని

సభ్యుల రిజిస్టరు తీసి నామినీ గడి ఎన్ని పేర్లకు ఖాళీగా ఉన్నదో లెక్కపెట్టండి. పెళ్ళికి ముందు తల్లి పేరు వ్రాసి, తరువాత మార్చనివారు ఎందరో చూడండి. నామినీయే చనిపోయినవారు ఎందరో చూడండి. బిల్లు చెల్లించే రోజున బల్ల మీద నామినేషన్ ఫారాలు పెట్టుకొని, ఒక్కొక్కరి చేత నింపించి, సంతకం తీసుకొని, తీర్మానంలో నమోదు చేయండి. చావు మాట ఎత్తితే కొందరు నొచ్చుకొంటారు. "గేదెకు బీమా కట్టాము, మన ఇంటివారి సంగతి కూడా చూద్దాము" అని చెబితే కాదనేవారు ఉండరు.

పాలకవర్గ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఉపనిబంధనలలో నామినీ గురించి, చనిపోయిన సభ్యుని సొమ్ము గురించి ఏమి వ్రాసి ఉన్నది? ఎంత మొత్తం వరకు కోర్టు సర్టిఫికెట్ లేకుండా చెల్లించవచ్చు?

2. మన పుస్తకాలలో చనిపోయిన సభ్యుల పేర నిలిచి ఉన్న బాకీ మొత్తం ఎంత? ఆ కుటుంబాలకు ఎప్పుడు కబురు పంపుతాము?

3. చనిపోయిన సభ్యుని నంబరు మీద నేటికీ పాలు పోస్తున్నవారు ఉన్నారా? వారి దరఖాస్తు ఎందుకు తీసుకొనలేదు?

4. సభ్యునికి భార్య, ముగ్గురు కూతుళ్ళు, తల్లి ఉన్నారు. నామినీగా తమ్ముని పేరు ఉన్నది. సంఘం డబ్బు ఎవరికి ఇస్తుంది? ఆ డబ్బు చివరకు ఎవరెవరికి ఎన్ని వాటాలుగా చెందుతుంది?

నాలుగవ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన పాలకవర్గం ఈ పాఠాన్ని పూర్తిగా గ్రహించినట్లే. రెండవ ప్రశ్నకు జవాబు వ్రాసి, అందులోని మొదటి కుటుంబానికి కబురు పంపిన సంఘం ఈ పాఠాన్ని ఆచరణలో పెట్టినట్లు.